ప్రరోచన - గ్రంథప్రకటనము : కందుకూరి వీరేశలింగము పంతులుగారి కృషి

సంస్కృత నాటకములందు నాంది ముగిసిన వెంటనే కథ ప్రారంభము కాదు. సూత్రధారుడు సభ్యుల యెదుట నిలిచి, కవి యెట్టివాడు, రూపకము దేనిని గుఱించినది, నటుల నైపుణ్య మెట్టిది, సభ యెంత రసజ్ఞమైనది యని కొన్ని మాటలు చెప్పును. ప్రశంసచేత ప్రేక్షకుల మనస్సును ప్రయోగమువైపు త్రిప్పు ఈ యంగమునకు ప్రరోచన యని పేరు. భరతముని దీనిని భారతీవృత్తి యొక్క నాలుగంగములలో నొకటిగా చెప్పెను. తక్కినవి ఆముఖము, వీథి, ప్రహసనము. శ్రీహర్షుని రత్నావళీ నాటికయందలి ప్రరోచనమును దశరూపక వ్యాఖ్యాతయగు ధనికుడు ఉదాహరణముగా గ్రహించుట అలంకారశాస్త్రము చదివినవారికి సుపరిచితమే.

ఒక గ్రంథము వెలువడినపుడు జరుగు ఆవిష్కరణసభలు, పత్రికలలోని ప్రకటనలు, గ్రంథకర్తల ప్రసంగములు - ఇవి యన్నియు ఒక విధముగా ఈ ప్రరోచనకు రూపాంతరములే. కాని యొక భేదము కలదు. నాటకమున ప్రశంసించువాడు సూత్రధారుడు; కవి యచ్చట కనబడడు. కవియే తన గ్రంథమును తానే యచ్చువేసి, తానే లోకమునకు తెలిపి, తానే విక్రయింపవలసి వచ్చినచో ఆ ప్రశంసకు ప్రామాణ్య మెక్కడిది? ఈ ప్రశ్న తెలుగుదేశమున ముద్రణయంత్రముతో కూడ వచ్చినది. దీనికి వాదముచేత గాక తమ జీవితముచేత సమాధానము చెప్పినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. సంఘసంస్కర్తగా, గద్యతిక్కనగా వారి ప్రఖ్యాతి సర్వవిదితము. స్వతంత్రముగా గ్రంథప్రకటనము చేసిన రచయితగా వారి చరిత్రను పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కృతిభర్తలనాటి పద్ధతి

పంతులుగారు జన్మించిన రాజమహేంద్రవరము తెలుగు కావ్యమునకు తొలి రాజాశ్రయము లభించిన నగరము. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొనినది ఆ రాజుకొలువునందే. అది మొదలు ఎనిమిది వందల యేండ్లపాటు తెలుగు కావ్యము లోకమునకు పరిచితమైన మార్గము ఇంచుమించుగా ఒక్కటే. ప్రభువో, మంత్రియో, ధనికుడో కృతిభర్త యగును. అవతారికలో ఆయన వంశము, యశస్సు వర్ణింపబడును. షష్ఠ్యంతములతో కృతి సమర్పిత మగును. సభలో కావ్యపఠనము జరుగును. ఆ సభయే నాటి ఆవిష్కరణోత్సవము. అందలి పండితుల శిరఃకంపమే నాటి విమర్శనము. పిదప లేఖకులు తాటియాకులపై ప్రతులు వ్రాసికొనగా గ్రంథము దేశమున వ్యాపించును.

శ్రీనాథుని శృంగారనైషధమునకు మామిడి సింగనామాత్యుడు కృతిభర్త. పోతన భాగవతమును శ్రీరామచంద్రునకు సమర్పించి నరాంకితమును పరిహరించెను. రాజు నాశ్రయించినను, దైవము నాశ్రయించినను, ముఖమెఱుగని సామాన్యపాఠకుడు కొంచెము సొమ్మిచ్చి గ్రంథపోషకుడు కాగలడను నూహకు ఆ కాలమున తావు లేదు.

పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుకూటములు నెలకొనుటతో ఈ స్థితి మాఱెను. ఒక ప్రతి వ్రాయుటకు పట్టు కాలములో వందలకొలది ప్రతులు సిద్ధమగుచుండెను. అంతతో గ్రంథకర్తకు రెండు క్రొత్త భారములు వచ్చినవి. మొదటిది ముద్రణవ్యయము, రెండవది ఆ ప్రతులను కొనువారిని వెదకుకొనుట. పుస్తకములను గుఱించి 1867లో వచ్చిన 25వ చట్టము ప్రకారము ప్రతి గ్రంథముపైనను ముద్రించినవాని పేరు, ప్రకటించినవాని పేరు, స్థలము తెలుపవలసి యుండెను. వ్రాసినవాడే అచ్చువేసి ప్రకటించినచో గ్రంథములోని ప్రతి మాటకును అతడొక్కడే సమాధానము చెప్పుకొనవలెను. స్వాతంత్ర్యమును, బాధ్యతయు ఒకే పుటమీద అచ్చుపడినవి.

బాల్యము, తొలి రచనలు

వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే పితృవియోగము కలిగినది. పెదతండ్రి వేంకటరత్నముగారి పోషణమున విద్యాభ్యాసము సాగినది. 1861లో రాజ్యలక్ష్మమ్మగారితో వివాహము జరిగినది. ఆంగ్లవిద్య నభ్యసించి ప్రవేశపరీక్షయందు కృతార్థులైన పిమ్మట ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కోరంగిలోను ధవళేశ్వరములోను పనిచేసిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి.

వారి తొలి రచనలు పూర్వకవుల బాటలోనివే. మార్కండేయ శతకము, గోపాల శతకము అట్టివి. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము మఱింత కఠినమైన నియమమునకు లోబడినది. పెదవులు తగులక పలుకు వర్ణములనే వాడవలెను, తత్సమపదము రాకూడదు, నడుమ వచనము చేరరాదు. ఇట్టి కృతిని మెచ్చుకొనగలవారు పదిమందియో ఇరువదిమందియో పండితులు మాత్రమే. రాజసభకు తగిన రచన యది. కాని సభ యున్నను, నన్నయనాటి రాజు లేడు. ఈ సంగతి పంతులుగారికి శీఘ్రముగనే బోధపడినది. అటుపిమ్మట సరస్వతీ నారద విలాపమున వాగ్దేవతచేతనే బంధకవుల చిత్రహింసలను మొఱపెట్టించిరి. తాము చేసిన సాముపైననే తాము నవ్వగలుగుట వారి స్వభావములోని మేలి గుణములలో నొకటి.

చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను వచనమున రచించి 1853లో ప్రకటించి యుండెను. మిగిలిన సంధి విగ్రహములను పంతులుగారు వచనమున రచించిరి. ఆ భాషయు సూరిగారి గ్రాంథికపు ఫణితినే అనుసరించినది. పద్యమునుండి వచనమునకు వచ్చుట వారు పాఠకుని వైపు వేసిన తొలి యడుగు. ఆ వచనమును సులభము చేయుట తరువాతి యడుగు.

వివేకవర్ధని

1874 అక్టోబరు నెలలో పంతులుగారు వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి. అప్పటికి వారి వయస్సు 26 సంవత్సరములు. పత్రికను మొదట చెన్నపట్టణమున ముద్రింపింపవలసి వచ్చినది. ఆనాడు చెన్నపట్టణమునకును గోదావరీతీరమునకును రైలుమార్గము లేదు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన 1900లో గాని ప్రయాణములకు తెఱవబడలేదు. వ్రాతప్రతి అంత దూరము పోవలెను, అచ్చుతప్పులు దిద్దిన కాగితములు తిరిగి పోవలెను, అచ్చైన ప్రతులు మఱల రావలెను. ఊరిలో జరిగిన సంగతి పత్రికలో వెలువడునప్పటికి ప్రాతబడిపోవును. ఇట్టి పరాధీనతతో స్వతంత్రముగా వ్రాయుట కష్టమని గ్రహించి, మిత్రుల తోడ్పాటుతో 1875లో రాజమహేంద్రవరముననే ముద్రాక్షరశాలను స్థాపించిరి. సీసపు అక్షరములు సొంతమగుట వారి జీవితమున గొప్ప మలుపు. అటుపై ఏమి అచ్చువేయవలెనో, ఎప్పుడు వేయవలెనో నిర్ణయించువాడు రచయితయే.

పత్రిక యొక్క భాషయు మొదట ప్రౌఢముగ నుండినది. కాని చందాదారులు పండితులు మాత్రమే కారు; గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, విద్యార్థులు నుండిరి. వారికి తెలియని భాషలో నీతి చెప్పిన ప్రయోజనము లేదని పంతులుగారు శైలిని క్రమముగా సులభము చేసిరి. ఈ మార్పును భాషాసిద్ధాంతముగా మాత్రమే చూచుట తగదు. కొనువాడే పోషకుడైనచోట వానికి అర్థమగుట గ్రంథకర్త ధర్మమగును. కృతిభర్త ఒక్కడైనప్పుడు కవి యాతని యభిరుచి నెఱిగినచో చాలును. కృతిభర్తలు వేలమంది యైనప్పుడు వారందఱికిని సామాన్యమైన భాషను వెదకవలెను.

పత్రిక న్యాయస్థానములందలి లంచములను, ఉద్యోగుల అక్రమములను బయటపెట్టినది. వేశ్యాసంపర్కమును, కన్యాశుల్కమును, మూఢవిశ్వాసములను ఖండించినది. దానితో పత్రికకు చదువరులును పెరిగిరి, శత్రువులును పెరిగిరి. 1876లో హాస్యసంజీవని వెలువడినది. 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధిని యను పత్రికను నడపిరి. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క విధమైన పాఠకసమూహమును సమకూర్చుచుండెను. ఆ సమూహములే వారి గ్రంథములకు సభలు.

తపాలాశాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టుటతో పుస్తకము పల్లెలకు పోవు దారియు సుగమమైనది. పుస్తకమును చేతికి పుచ్చుకొనునప్పుడే వెల చెల్లించు వీలు కలుగుటచే, పట్టణమున అంగడి లేని గ్రంథకర్తకును దూరపు చదువరికిని నడుమ నమ్మిక యేర్పడుటకు అవకాశము చిక్కినది. దేశమునందలి చిన్న ప్రకాశకుల కందఱికిని ఇది యుపకరించినది.

ఖండశః ప్రకటనము

పంతులుగారి గ్రంథప్రకటన విధానమున ముఖ్యమైన విశేషము ఒకటి కలదు. గ్రంథము మొదట పత్రికలో భాగములుగా వెలువడుట, పిదప పుస్తకరూపము దాల్చుట. రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనిలో ఖండశః ప్రకటింపబడి, 1880లో పుస్తకముగా వచ్చినది. గోల్డుస్మిత్తు రచించిన ఆంగ్లనవల యొకటి దీనికి స్ఫూర్తి నిచ్చినను, ధవళేశ్వరము, గోదావరీతీరము, అచ్చటి బంధువుల రాకపోకలు, జోస్యులు, బైరాగులు - ఇవి యన్నియు తెలుగువారి యింటివే. పరుల ముఖస్తుతికి లొంగి ఐశ్వర్యమును పోగొట్టుకొనిన గృహస్థుని కథ యిది. ప్రశంసయందలి ప్రమాదమును చెప్పు గ్రంథమునకు ప్రశంస సంపాదించుట సులభమైన పని కాదు. భాగములుగా వెలువడుట వలన చదువరులకు ముందుగనే రుచి తెలిసినది. వారి గుణగ్రహణమే పుస్తకమునకు ప్రరోచన యైనది. నాటక మంతయు చూడకమునుపే సూత్రధారుని మాట నమ్మవలసిన ప్రేక్షకునికంటె ఈ పాఠకుని స్థితి మేలు. వాని చేతిలో గ్రంథముయొక్క మచ్చుతునక యున్నది.

ఈ నవలను హచిన్‌సన్ అను నాంగ్లేయుడు ఆంగ్లమున అనువదింపగా 1887లో లండను నగరమున ప్రచురిత మైనది. గోదావరీతీరమున ఒక ఉపాధ్యాయుడు తన పత్రికలో అచ్చువేసికొనిన కథ పది సంవత్సరములు నిండకమునుపే సముద్రము దాటుట ఆ కాలమున తెలుగు వచనమునకు అపూర్వమైన గౌరవము.

తమకు లభించిన మార్గమును పంతులుగారు తమ గ్రంథములకు మాత్రమే పరిమితము చేసికొనలేదు. న్యాపతి సుబ్బారావు పంతులుగారు ప్రకాశకులుగా, వీరేశలింగము పంతులుగారు సంపాదకులుగా 1891లో ఆరంభమైన చింతామణి మాసపత్రిక నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము 1894లో అట్లు బహుమానము పొందిన నవల. పూర్వము కవి రాజద్వారమున నిలిచి యనుగ్రహమునకై నిరీక్షించెడివాడు. ఇచ్చట పత్రికయే ద్వారము తెఱచి, నియమములను ముందుగా ప్రకటించి, పేరు లేని యువకునికిని పరీక్షకు నిలుచు నవకాశము నిచ్చినది.

సభలు, ప్రదర్శనములు

చదువరుల సంఖ్య అల్పముగ నున్న ఆ కాలమున అచ్చుపుస్తక మొక్కటియే చాలదు. చదువరాని వారికిని గ్రంథవిషయము చేరవలెనన్నచో వాక్కే సాధనము. భారతీవృత్తి వాక్ప్రధానమని శాస్త్రకారులు చెప్పుట యిచ్చట సార్థకమైనది. 1879లో పంతులుగారు రాజమహేంద్రవరమున వితంతువివాహములను గుఱించి యుపన్యసించిరి. పరాశరస్మృతి మొదలగు ధర్మశాస్త్రప్రమాణములను చూపిన ఆ యుపన్యాసము పట్టణమున పెద్ద కలవరమును గలిగించినది. పండితులు ప్రతివాదములు చేసిరి. వారి యాక్షేపణములకు సమాధానముగా పంతులుగారు అదే సంవత్సరమున రెండవ యుపన్యాసము నిచ్చిరి. ఉపన్యాసములు పిదప అచ్చై దూరదేశముల వారికిని అందినవి. సభ గ్రంథమునకును, గ్రంథము సభకును త్రోవ చూపినవి.

నాటకప్రదర్శనములు ఇంతకంటె బలమైన సాధనములైనవి. న్యాయవాదుల యక్రమములను చూపు వ్యవహారధర్మబోధిని, వృద్ధునికి బాలికను కట్టబెట్టు దురాచారమును పరిహసించు బ్రాహ్మవివాహము పాత్రల వాడుకమాటలలో నడచిన రచనలు. రెండవదానిని జనులు పెద్దయ్యగారి పెండ్లి యని వ్యవహరించిరి. గ్రంథకర్త పెట్టిన పేరును విడిచి జనులు తమ పేరు పెట్టుకొనుటకంటె గ్రంథము వ్యాపించినదనుటకు వేఱు సాక్ష్యము వలదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమున నాటకములాడి వెడలిపోయిరి. వారు విడిచిన పాకయందు పంతులుగారు విద్యార్థులచేత నాటకములాడించిరి. షేక్స్పియరు హాస్యనాటకమున కనుసరణమైన చమత్కార రత్నావళి అట్లు ప్రదర్శింపబడినవానిలో నొకటి. శ్రీహర్షుని రత్నావళిని సైతము పంతులుగారు తెనిగించిరి. శాస్త్రగ్రంథములలో ప్రరోచనకు లక్ష్యముగా చూపబడిన రూపకము అట్లు వారి చేతిమీదుగా తెలుగున వెలసినది.

వారు వ్రాసిన ప్రహసనము లనేకములు. భారతీవృత్తి యంగములలో ప్రహసనమును ప్రరోచనతో కూడ చేర్చిన భరతుని యాశయము ఇట్టి రచనలను చూచినప్పుడు స్పష్టపడును. నవ్వు జనులను దగ్గఱకు చేర్చును. చేరినవారికి చెప్పదగినది చెప్పవచ్చును. అయితే ఆ ప్రహసనములలో కొన్ని యెడల దోషము నుండి వ్యక్తిమీదికి మరలిన పరిహాసమును కలదనుట యథార్థము. ఊరివారు గుర్తింపగల మనుష్యులను హాస్యపాత్రముల చేయుట పత్రిక ప్రతులను వేగముగ చెల్లింపగలదు; కాని అది కావ్యధర్మమునకు కొంత కొఱతయే.

1890లో పంతులుగారు రాజమహేంద్రవరమున స్వీయధనముతో పురమందిరమును నిర్మించిరి. గ్రంథపఠనములకును, ఉపన్యాసములకును, వాదప్రతివాదములకును ఊరివారందఱికిని చెందిన సభాభవన ముండవలెనను తలంపు దానికి మూలము. రాజు కొలువుకూటము స్థానమున పౌరుల కొలువుకూటము వెలసినది. నన్నయ కావ్యము వినబడిన నగరమున ఇట్టి మందిరము లేచుట చరిత్రలోని యొక పరిణామమునకు చిహ్నము.

ప్రతివాదులు

తన గ్రంథమును తానే ప్రకటించుకొనువానికి నిజమైన పరీక్ష ప్రశంసవలన కాదు, ప్రతివాదమువలన. పంతులుగారికి సమర్థులైన ప్రతివాదులు లభించిరి. ఆంధ్రభాషాసంజీవని సంపాదకులు, పిదప మహామహోపాధ్యాయ బిరుదము నందిన కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు వారిలో ముఖ్యులు. ఆచారవిషయములందును, భాషావిషయములందును వీరిరువురి పత్రికల నడుమ తీవ్రమైన వాదము నడచినది. వేంకటరత్నము పంతులుగారు హాస్యవర్ధనిని నడపగా వీరేశలింగము పంతులుగారు హాస్యసంజీవనిని నడపిరి. పేర్లలోనే ఒకరి పత్రికను మఱియొకరు స్ఫురింపజేయుట చదువరులకు వినోదమును గూర్చినది. ఒకరి వాక్యములో దోషము చూపుటకై మఱియొకరు శబ్దశాస్త్రమును తిరుగవేయుచుండిరి. ఈ వాదములవలన ఉభయుల పత్రికలును చదువబడినవి. తెలుగు వచనమును పదునెక్కినది.

కాకినాడ వాస్తవ్యులగు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికయను నామాంతరము గల రాజశేఖరచరిత్రమును సవిస్తరముగ విమర్శించిరి. ఒక వచనప్రబంధముపై గ్రంథప్రమాణమైన విమర్శ వెలువడుట తెలుగున క్రొత్త. పూర్వపక్షమును స్థాపింపక సిద్ధాంతము చెప్పుట శాస్త్రమర్యాద కాదు. ఆ మర్యాదను పత్రికారంగమున నిలిపినవారు ఈ ప్రతివాదులు.

ఆంధ్రకవుల చరిత్రము విషయమున పంతులుగారి ప్రవర్తనము గమనింపదగినది. కవుల కాలనిర్ణయమునకు శాసనములను, గ్రంథస్థాధారములను వెదకి రచించిన ఆ గ్రంథమును వారు మొదటి ముద్రణముతో ముగించి కూర్చుండలేదు. క్రొత్త యాధారములు లభించిన కొలది మార్చి, విస్తరించి పునర్ముద్రించిరి. స్వంత ముద్రణాధికారము గ్రంథకర్తకిచ్చు నుత్తమ ఫలము ఇదియే. పొరపాటును దిద్దుకొనుటకు ఒకరి యనుమతి నపేక్షింప నక్కఱలేదు.

ఆప్తత్వము

తార్కికులు ఆప్తుని వాక్యమును శబ్దప్రమాణముగా నంగీకరింతురు. వస్తుతత్త్వము నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పువాడు ఆప్తుడు. స్వగ్రంథమును గుఱించి స్వయముగా చెప్పువాని మాటకు ప్రామాణ్య ముండవలెనన్నచో అతడు ఆప్తుడని లోకమునకు వేఱు విధముగ తెలియవలెను. పంతులుగారి విషయమున అది 1881 డిసెంబరు 11వ తేదీన తెలిసినది. ఉపన్యాసములలో చెప్పినదానిని, అచ్చువేసి పంచినదానిని ఆ రాత్రి వారు తమ గృహమున జరిపించిరి. అది వారు జరిపించిన తొలి వితంతువివాహము. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ద్రవ్యసాహాయ్యము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి.

దాని వెనుక వచ్చిన కష్టములు పుస్తకపు వెలతో కొలువదగినవి కావు. బంధువులు దూరమైరి. పురోహితులు, వంటవారు, నీళ్ళు తెచ్చువారు పని మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగ గోదావరినుండి నీరు మోసి, వివాహమునకు వచ్చినవారికి వంట చేసిరి. పంతులుగారి గ్రంథములకు అత్యుత్తమమైన ప్రరోచన యేదియని యడిగినచో ఆ సాధ్వి మోసిన నీటిబిందెయే యని చెప్పవలసి యుండును. వ్రాతకును నడవడికిని భేదము లేదని ఊరివారు కన్నులార చూచిరి. అంగీకరింపని వారును ఈ మనిషి వ్రాసినది యితడు నమ్మినదే యని యొప్పుకొనక తప్పలేదు. తరువాత వారి పత్రికలోని మాటను ఖండించినవారు దానిని తప్పనిరి గాని కపటమని యనుట సులభము కాకపోయెను.

ఉపాధ్యాయవేతనమును, గ్రంథములవలన వచ్చిన రాబడియు సంస్కారకార్యములకే వ్యయమైనవి. 1893లో ప్రభుత్వము రావుబహద్దరు బిరుదము నిచ్చినది. చెన్నపట్టణమున రాజధాని కళాశాలలో కొంతకాలము ఆంధ్రోపాధ్యాయులుగా పనిచేసిరి. స్వీయచరిత్రమును రెండు భాగములుగా ప్రకటించిరి. తన్ను గుఱించి తానే వ్రాయునప్పుడు ఆత్మప్రశంసకు జారిపోవుట మిక్కిలి సులభము. అందు తమ బాల్యమునాటి మూఢవిశ్వాసములను, తాము పొరపడిన సందర్భములను దాచక చెప్పుటచేత ఆ గ్రంథమునకు నమ్మదగిన గౌరవము కలిగినది.

1906లో పంతులుగారు రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని, గ్రంథముల హక్కులతో కూడ, దానికి సమర్పించిరి. కృతిసమర్పణమను ప్రాచీనసంప్రదాయము ఇచ్చట విచిత్రముగ తిరుగబడినది. పూర్వకవి కృతి నిచ్చి ప్రభువునొద్ద ధనమును గ్రహించెడివాడు. పంతులుగారు కృతితోపాటు దానివలన రాదగిన ధనమును సైతము ఇచ్చివేసిరి. గ్రహీత ప్రభువు కాదు. విద్య లేని బాలికలు, దిక్కులేని వితంతువులు, అనాథలు. పాఠకుల నుండి వచ్చినది వారి సంఘమునకే తిరిగి చేరినది.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు స్వర్గస్థురాలైరి. పంతులుగారు ఆ దుఃఖముతోడనే రచనను, సమాజకార్యములను కొనసాగించిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు దాని యధ్యక్షత నంగీకరించిరి. నిరోష్ఠ్య కావ్యముతో ఆరంభించిన కవి జీవితాంతమున వాడుకభాషాసమాజమునకు అధ్యక్షుడగుట చూపఱకు వింతగా తోచవచ్చును. కాని పాఠకునే కృతిభర్తగా నంగీకరించినవానికి నలువది యేండ్ల మార్గము అచ్చటికే చేర్చును. 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున, మిత్రులు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారి గృహమున వారు పరమపదించిరి.

ప్రస్తావన ముగిసినంతనే సూత్రధారుడు రంగమునుండి నిష్క్రమింపవలెనని నాట్యశాస్త్రనియమము. అటుపై నిలువవలసినది రూపకమే. వీరేశలింగము పంతులుగారి ముద్రాక్షరశాల, పత్రికలు, వారి నాటి సభలు కాలగర్భమున కలిసినవి. వారితో వాదించినవారును గతించిరి. వారి గ్రంథములను హితకారిణీ సమాజము పునర్ముద్రించినది. రాజశేఖరచరిత్రమును, స్వీయచరిత్రమును, ఆంధ్రకవుల చరిత్రమును వారి కంఠస్వరము నెఱుగని తరములవారు చదువుచున్నారు. స్వతంత్రముగా గ్రంథము ప్రకటించు రచయిత సభ చేయవచ్చును, పత్రికలో తెలుపవచ్చును, ఊరూర తిరిగి చెప్పవచ్చును. అందులో దోషము లేదు. భరతమునియే దానికి స్థానము కల్పించెను. చెప్పిన మాటకు జీవితమున పూచీ నిలుచుట మాత్రము రచయిత స్వయముగా చేయవలసిన పని.